నాలుగోసారి వద్దన్నవాడు

మఖ్లూఫ్ ఎల్గ్రాబ్లీ గారికి పదవుల మీద ఆశ లేదన్న సంగతి జెరూసలేంలో అందరికీ తెలుసు. ఆయనే చెప్పాడు కాబట్టి తెలుసు. పురపాలక సంఘంలోకి వెళ్ళే ముందు చెప్పాడు, శాసనసభకు వెళ్ళే ముందు చెప్పాడు, మంత్రిగా ప్రమాణం చేసిన రోజు పొద్దున కూడా ఇంటి గుమ్మంలో నిలబడి చెప్పాడు. "నా చోటు పాఠశాలలో, నా ధర్మశాస్త్ర గ్రంథం ముందు. నన్నెందుకు లాగుతారు ఈ రొంపిలోకి?" అని కళ్ళు తుడుచుకునేవాడు. తుడుచుకున్న ప్రతిసారీ ఒక మెట్టు ఎక్కాడు.

ఇందులో ఆయన తప్పేమీ లేదు. అఖండదీపం పార్టీ పద్ధతే అది. మొరాకో నుంచీ ఇరాక్ నుంచీ యెమెన్ నుంచీ వచ్చిన యూదు భక్తుల పార్టీ. ఓటు పార్టీకి పడుతుంది. ఎన్ని సీట్లు వస్తే జాబితాలో పైనుంచి అంతమంది సభకు వెళ్తారు. ఆ జాబితా రాసేది పెద్ద గురువు హఖామ్ యెదిద్యా ఒక్కరే. ఎవరూ సీటు అడగరు, అడగకూడదు. పిలుపు రావాలి. వచ్చాక కూడా వెంటనే వెళ్ళకూడదు. ప్రార్థనా మందిరంలో ముందు నిలబడి ప్రార్థన నడిపించమని ఎవర్నైనా పిలిస్తే మొదటిసారి తల అడ్డంగా ఊపాలి, రెండోసారి సగం లేచి కూర్చోవాలి, మూడోసారి లేచి వెళ్ళాలి. తాతల నాటి మర్యాద అది. పార్టీ ఆ మర్యాదనే రాజకీయాల్లోకి తెచ్చుకుంది. మొదటి పిలుపుకే లేచినవాడు పొగరుబోతు. రెండో పిలుపుకు లేచినవాడు ఆత్రగాడు. మూడో పిలుపుకు కూడా లేవనివాణ్ణి ఏమనాలో ఎవరికీ తెలీదు, అలాంటివాడు పార్టీలో అంతవరకు పుట్టలేదు.

పద్ధతి తప్పినవాడు ఒకడున్నాడు. హనన్యా అని మంచి మాటకారి. రేడియోలో ఎవరో "మంత్రి పదవి ఇస్తే తీసుకుంటారా?" అని అడిగితే "ఎందుకు తీసుకోనూ?" అన్నాడు. అంతే. తర్వాతి జాబితాలో అతని పేరు లేదు. ఇప్పుడు యాఫో వీధిలో కళ్ళద్దాలు అమ్ముకుంటున్నాడు. అద్దాలు నాణ్యమైనవే అంటారు.

మఖ్లూఫ్ గారిది దక్షిణాన ఎడారి అంచున ఉన్న ఊరు. తండ్రి సంతలో ఊరవేసిన ఆలివ్ కాయలు అమ్మేవాడు. కొడుక్కి కంచులాంటి గొంతు అబ్బింది. పెళ్ళికీ చావుకీ ఒకే గొంతుతో పాడి రెండుచోట్లా జనాన్ని ఏడిపించేవాడు. ఆ గొంతు విని పార్టీ పెద్దలు చేరదీశారు. ఎన్నికలొస్తే వీధివీధీ తిరిగి, హఖామ్ గారు దీవించిన నూనె సీసాలు పంచి, ప్రతి ముసలమ్మ చేతినీ ముద్దు పెట్టుకున్నాడు. పైకి వచ్చాడు. వచ్చి వచ్చి మత వ్యవహారాల మంత్రి అయ్యాడు. ఆడవాళ్ళ పుణ్యస్నానాల మందిరం ఒకటి కట్టిస్తూ పునాదికొకసారి, గోడలకొకసారి, పలకలకొకసారి రిబ్బన్ కత్తిరించాడు. నీళ్ళు మాత్రం ఆయన దిగిపోయాక వచ్చాయి.

ఉన్నమాట చెప్పుకోవాలి, మంత్రిగా ఆయన పనికిమాలినవాడేం కాదు. భర్త పోయిన ఆడమనిషి ఏడుస్తూ వస్తే అప్పటికప్పుడు ఫోన్ ఎత్తి ఆమె కొడుక్కి ఉద్యోగం చూపించేవాడు. శ్మశానంలో భర్త పక్కనే చోటు కావాలని వచ్చిన ముసలమ్మకు చోటు ఇప్పించి, "తొందరపడి వెళ్ళకు తల్లీ, చోటు ఎక్కడికీ పోదు" అని నవ్వించి పంపేవాడు. ఆయన గది బయట బెంచీలు ఎప్పుడూ నిండి ఉండేవి. ఆ బెంచీలంటే ఆయనకు ప్రాణం.

అలాంటిది, పెద్దవాళ్ళు ఎవరో ఎవరిమీదో అలిగితే ప్రభుత్వం పడిపోయింది. తర్వాతి జాబితా రాసేటప్పుడు హఖామ్ గారు "మఖ్లూఫ్ అలసిపోయాడు, ఈసారికి విశ్రాంతి తీసుకోనీ" అన్నారట. విశ్రాంతి అంటే ఏమిటో మఖ్లూఫ్ గారికి అప్పుడు తెలిసింది. ఫోన్ మోగదు. మోగితే దంతవైద్యుడి దగ్గర్నుంచి. కూరల కొట్టువాడు ఇప్పటికీ "మంత్రిగారూ" అంటాడు కానీ మెత్తబడ్డ టమాటాలు సంచిలో వేస్తాడు. ఒకరోజు సందు చివర చెక్క బెంచీ ఖాళీగా కనిపిస్తే ఆయనకు నిజంగా ఏడుపొచ్చింది.

ఇదిగో, ఈ స్థితిలో మళ్ళీ ఎన్నికలు వచ్చిపడ్డాయి. అదీ ఏలూల్ నెలలో. కొత్త సంవత్సరానికి ముందు భక్తులంతా తెల్లవారకముందే లేచి, గుండెల మీద గుద్దుకుంటూ "అబద్ధమాడాం, మోసం చేశాం" అని దేవుడి ముందు ఒప్పుకునే నెల. ఆ గుద్దులు అయ్యాక, పార్టీలో ఆశ ఉన్నవాళ్ళందరూ నేరుగా హఖామ్ గారి పాఠశాలకు వచ్చి, ఆయన కిటికీకి ఎదురుగా గ్రంథాలు తెరుచుకుని కూర్చునేవాళ్ళు. ఏడాదంతా పిల్లులు పడుకునే వెనక బల్లలు కూడా నిండిపోయాయి. పెళ్ళిళ్ళ హాలు నుంచి కుర్చీలు తెప్పించాల్సి వచ్చింది. మఖ్లూఫ్ గారు అందరికన్నా ముందొచ్చి కిటికీ పక్క కుర్చీ పట్టేవాడు.

మొదటి పిలుపు ఒక మంగళవారం వచ్చింది. ఫోన్‌లో హఖామ్ గారి పనులు చూసే రహమీమ్.

"అయ్యా, హఖామ్ గారు తమర్ని తలుచుకున్నారు."

మఖ్లూఫ్ గారి గుండె గంతులేసింది. గొంతు మాత్రం నీరసంగా పెట్టాడు. "ఆయన తలుచుకోవడమే నాకు వరం, రహమీమ్. కానీ నా చోటు పాఠశాలలో. నన్నొదిలెయ్యమని చెప్పు నాయనా."

"చిత్తం," అన్నాడు రహమీమ్. ఎన్నో ఏళ్ళుగా ఈ మాటే విని విని అతనికి కంఠతా వచ్చేసింది.

రెండో పిలుపు శుక్రవారం. ఆయన సగం లేచి కూర్చున్నాడు. అంటే, "నేనెంతటివాణ్ణి? నాకన్నా సమర్థులు లేరా? ఆలోచించుకోనివ్వు" అన్నాడు. వంటింట్లో సబ్బాతు భోజనానికి చేపల పులుసు మరగబెడుతున్న భార్య సోలికా అది విని గరిటె కింద పెట్టింది.

"ఆలోచించుకుంటాడట! మూడేళ్ళుగా నిద్దట్లో కూడా అదేగా నీ ఆలోచన. 'కారు తియ్యండి' అని కలవరిస్తావు."

"నీకు రాజకీయాలు తెలీవే."

"నీ రాజకీయం నాకు తెలీకపోవడమేంటయ్యా? తొమ్మిదిమంది పిల్లల్ని ఒక్కదాన్నే పెంచాను. ప్రతిసారీ 'నన్ను బలవంతంగా లాక్కుపోతున్నారు సోలికా, ఈ ఒక్కసారే, తర్వాత ఇంటిపట్టునే ఉంటా' అన్నావు. ఒక్కసారైనా 'నాకు కావాలి, వెళ్తున్నా' అన్నావా? అంటే నేనేం కాదనేదాన్నా?"

ఆయన పులుసులో ఉప్పు సరిపోయిందో లేదో అడిగాడు.

అంతటితో ఆగి, మూడోసారికి బుద్ధిగా తల ఊపి ఉంటే కథ సుఖంగా ముగిసేది. కానీ శనివారం సాయంత్రం, యంత్రాలేవీ ముట్టుకోకూడని సబ్బాతు ముగిసి, రేడియోలు మళ్ళీ మోగడం మొదలవగానే ఒక వార్త వచ్చింది. అఖండదీపం జాబితాలో రెండో స్థానం ఎవ్యతార్ గిగీకి దాదాపు ఖాయమనీ, మాజీ మంత్రి ఎల్గ్రాబ్లీకి ఆరో స్థానమనీ.

ఆరు! మొదటి ముగ్గురికే మంత్రి పదవులు. ఆరోవాడు సభలో వెనక వరసలో కూర్చుని చెయ్యెత్తమన్నప్పుడు చెయ్యెత్తాలి. ఇక ఈ గిగీ అంటే నిన్నగాక మొన్న వచ్చినవాడు. సన్నంగా కత్తిరించిన గడ్డం, ఖరీదైన సూటు. పైగా కిందటివారం పిలుపు వస్తే ఫోన్‌లో మాట పెగలక వెక్కివెక్కి ఏడ్చాడట. మఖ్లూఫ్ గారి కళ్ళు తడవడం వరకే. ఏడుపు దాకా ఎప్పుడూ వెళ్ళలేదు.

"ఆరు తీసుకోను," అన్నాడు భార్యతో.

"అయితే రెండు కావాలని అడుగు. అడగందే అమ్మయినా పెట్టదు."

"మా పార్టీలో అడిగినవాడి ముందున్న కంచం కూడా లాగేస్తారు. అడగడానికి మాకు ఒకటే దారి. వద్దనడం. మూడోసారి కూడా వద్దంటా. ఎవరూ అనలేదు ఇంతవరకు. హఖామ్ గారు ఉలిక్కిపడతారు. 'వీడిది అసలు సిసలు వైరాగ్యం, వీణ్ణి ఆరులో పెట్టానేంటి' అనుకుంటారు. నాలుగో పిలుపు వస్తుంది చూడు, రెండో స్థానంతో."

"తెగేదాకా లాగకు మఖ్లూఫ్."

"తెగదు. నాకు తెలుసు ఆ తాడు," అన్నాడాయన.

మూడో పిలుపు సోమవారం వచ్చింది. రహమీమ్ ఆ రోజు మామూలు పలకరింపు కూడా లేకుండా, "హఖామ్ గారు మూడోసారి అడుగుతున్నారు. మరి రాసుకోమంటారా?" అన్నాడు. కలం విప్పిన చప్పుడు కూడా వినిపించింది.

"వద్దని చెప్పు," అన్నాడు మఖ్లూఫ్ గారు.

అవతల కలం కింద పడ్డ చప్పుడు. తర్వాత, "అయ్యా... ఇది మూడోది."

"తెలుసు."

"మొన్న రెండయ్యాయి. ఇది మూడోదండీ."

"లెక్క నాకూ వచ్చు రహమీమ్. నా చోటు పాఠశాలలో. హఖామ్ గారు తమ నోటితో తామే ఆజ్ఞాపిస్తే తప్ప నేను కదలను."

రహమీమ్ ఫోన్ పెట్టేయడం కూడా మర్చిపోయాడు. అవతల అతను ఎవరితోనో "ఈయనకి ఒంట్లో బాగోలేదేమో" అనడం వినిపించింది.

మంగళవారమంతా ఏమీ రాలేదు. మఖ్లూఫ్ గారు ఫోన్ పనిచేస్తోందో లేదో చూడటానికి కూతురి చేత ఒకసారి, అల్లుడి చేత ఒకసారి తనకే ఫోన్ చేయించాడు. బుధవారం మధ్యాహ్నం ఫోన్ రాలేదు కానీ రహమీమే పరిగెత్తుకుంటూ వచ్చాడు. "హఖామ్ గారు వస్తున్నారు. మీ ఇంటికి. ఇప్పుడే."

ఎనభై ఎనిమిదేళ్ళ మనిషి. ఇల్లు కదిలి ఎన్నేళ్ళయిందో. ప్రధానమంత్రులే ఆయన గుమ్మం ముందు చెప్పులరిగేలా తిరిగేవాళ్ళు. అలాంటిది ఆయన లిఫ్ట్ లేని మూడో అంతస్తుకు ఎక్కి వస్తున్నారంటే పేట పేటంతా కదిలింది. మెట్ల మీద అటూ ఇటూ జనం. ఆడవాళ్ళు పెళ్ళిలో చేసినట్టు నాలుకలు ఆడిస్తూ కేరింతలు కొట్టారు. "మొదటి స్థానమే ఇస్తారు చూడు, ఊరికే వస్తారా?" అని కింది వాటా ఆయన పందెం కాశాడు. రేడియో కుర్రవాడొకడు మైకు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. సోలికా పుదీనా టీ పెట్టి, బాదం బిస్కెట్లు పళ్ళెంలో సర్దింది. మఖ్లూఫ్ గారు సూటు వేసుకుని, మళ్ళీ విప్పి, పాత కోటు వేసుకున్నాడు. వైరాగ్యానికి పాత కోటే నప్పుతుంది.

హఖామ్ గారిని ఇద్దరు చెరో రెక్క పట్టుకుని తీసుకొచ్చి కూర్చోబెట్టారు. ఆయాసం తీరడానికి రహమీమ్ మంచినీళ్ళు అందించాడు. మఖ్లూఫ్ గారు వంగి చెయ్యి ముద్దుపెట్టుకున్నాడు. ముసలాయన ఆ చెయ్యి వెనక్కి తీసుకోకుండా, మఖ్లూఫ్ గారి చెంప మీద పెట్టి అలాగే ఉంచారు.

"నన్ను క్షమించు నాయనా," అన్నారు.

రహమీమ్ గుమ్మంలో తోసుకొస్తున్న జనాన్ని వెనక్కి నెట్టాడు.

"నేను ముప్పై ఏళ్ళుగా జాబితాలు రాస్తున్నాను. పిలిచినవాళ్ళంతా రెండుసార్లు వద్దంటారు, మూడోసారి వస్తారు. నాకు తెలీదనుకుంటారు. ముసలివాణ్ణే, మొద్దుని కాను. నువ్వూ అంతే అనుకున్నాను. ఇన్నేళ్ళూ నువ్వు 'నా చోటు పాఠశాలలో' అంటుంటే లోపల నవ్వుకున్నాను. పాపం, నువ్వు నిజమే చెబుతున్నావు. నేనే నిన్ను గ్రంథం దగ్గర్నుంచి లాగి, ఆ ఆఫీసుల్లో పడేశాను. ఈ నెలలో నేను దేవుడి ముందు ఒప్పుకోవలసిన తప్పేదైనా ఉందంటే ఇదే."

"అయ్యో హఖామ్ గారూ, తమరంత మాట..."

"చెప్పనీ. నన్నీ కుర్చీలో కూర్చోబెట్టిన రోజు నేనూ రెండుసార్లు వద్దన్నాను. నిజంగానే అన్నాను. మూడోసారి కూడా అనాలని ఉండింది, నోరు రాలేదు. నీకు వచ్చింది." ఆయన కళ్ళ నుంచి నీళ్ళు గడ్డంలోకి జారాయి. రహమీమ్ రుమాలు తీశాడు. మెట్ల మీద ఎవరో బావురుమన్నారు. "నిన్ను వదిలేస్తున్నాను. ఈ జాబితా నుంచే కాదు, రాబోయే అన్ని జాబితాల నుంచీ. ఇకమీదట ఎవరూ నిన్ను పిలవరు. రేపటి నుంచి రోజూ పొద్దున నా గదికి రా. నువ్వూ నేనూ జోడీగా చదువుకుందాం."

హఖామ్ గారితో జోడీ! దేశంలో పండితులు దానికోసం కన్ను ఇచ్చేస్తారు. జనం ఒక్కసారిగా గోల చేశారు. మఖ్లూఫ్ గారికి మాత్రం చెవుల్లో ఏదో హోరు తప్ప ఏమీ వినిపించలేదు. అతి వినయం ధూర్త లక్షణమని లోకం ఆడిపోసుకుంటుంది కానీ, ఆ వినయాన్ని నిజమని నమ్మేవాడొకడు ఎదురుపడితే ధూర్తుడి గతేమిటో లోకం చెప్పదు.

ముసలాయన లేవబోయి ఆగారు. కళ్ళు తుడుచుకుని మఖ్లూఫ్ గారి ముఖంలోకి తేరిపార చూశారు.

"ఒక్క మాట నాయనా. నేను మళ్ళీ పొరపాటు పడదలుచుకోలేదు. నీ మనసులో ఆ పదవి మీద గోరంత కోరిక ఉన్నా ఇప్పుడే చెప్పు. సిగ్గుపడకు. జాబితా ఇంకా నా జేబులోనే ఉంది. రెండో స్థానం ఖాళీగానే ఉంచాను."

దారి తెరుచుకుంది. ఒక్క మాట చాలు. ఉంది, అంటే చాలు. ఆ బెంచీలు, ఆ ఫోన్లు, ఏడుస్తూ వచ్చి నవ్వుతూ వెళ్ళే ఆ ముసలమ్మలు, అన్నీ ఆ ఒక్క మాటకు అవతలే ఉన్నాయి. వంటింటి గుమ్మంలో సోలికా పళ్ళెం పట్టుకుని, పెదాలు కదిలిస్తూ, చదువు రాని పిల్లాడికి తల్లి అందించినట్టు ఆ మాటను అందిస్తోంది. మఖ్లూఫ్ గారు నోరు తెరిచాడు. మైకు ముందుకొచ్చింది. మెట్ల మీద జనం మెడలు సాచారు. అప్పుడే ముసలాయన కంట్లో ఇంకో చుక్క నిలిచి ఉండటం ఆయనకు కనిపించింది. ఇన్నేళ్ళకు ఒక్క నిజాయితీపరుడు దొరికాడని కార్చిన చుక్క అది. ఉందంటే ఆ చుక్క ఏమవుతుంది? తనేమవుతాడు?

"నాకే కోరికా లేదు హఖామ్ గారూ," అంది నోరు. దానికి ముప్పై ఏళ్ళుగా వేరే మాట రాదు.

"ఆమేన్!" అన్నారు జనం, మూడు అంతస్తుల మెట్లూ అదిరేలా.

అందరూ వెళ్ళిపోయాక సోలికా ఖాళీ గ్లాసులు తీసింది. ఆయన ఎదురు కుర్చీలో కూర్చుంది. తిట్టలేదు. తిడుతుందని ఎదురుచూశాడు, తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

"నాతో ఇన్నాళ్ళూ ఆడిన అబద్ధాన్ని ఇవాళ నిజం చేసేశావు," అంది. "ఇంటిపట్టునే ఉంటానన్నావు చూడూ, అది." ఆ తర్వాత కాస్త మెత్తబడి, మిగిలిన బిస్కెట్లు ఆయన ముందుకు జరిపింది. "తిను. పొద్దున ఏమీ తినలేదు."

మర్నాడు తెల్లవారుజాము ప్రార్థనలో అందరితోపాటు మఖ్లూఫ్ గారు గుండె మీద గుద్దుకున్నాడు. "అబద్ధమాడాం" అన్నచోట పక్కవాళ్ళు తిరిగి చూసేంత గట్టిగా గుద్దుకున్నాడు. ఎంత వినయం, అనుకున్నారు వాళ్ళు. ప్రార్థన అయ్యాక హఖామ్ గారి గదికి వెళ్ళాడు. దారిలో పాఠశాల దాటాలి. అప్పటికే సగం కుర్చీలు ఖాళీ అయ్యాయి. పిలుపు అందినవాళ్ళు మూడోసారికి లేచి వెళ్ళిపోయారు, ఇక అందదని తేలినవాళ్ళు ఊరికే లేచి వెళ్ళిపోయారు.

చిన్న గది. బల్ల మీద గ్రంథం తెరిచి ఉంది. హఖామ్ గారు పెళ్ళికొడుకులా మెరిసిపోతున్నారు. "చదువు నాయనా," అన్నారు.

మఖ్లూఫ్ గారు గొంతు సవరించుకుని మొదటి వాక్యం బ్రహ్మాండంగా చదివాడు. సభల్లో చదివీ చదివీ ఆ ఒక్క వాక్యం ఆయనకు బాగా వచ్చు. రెండో వాక్యం దగ్గర తడబడ్డాడు. మూడోదానికి అర్థం తెలియలేదు. మళ్ళీ మొదటికొచ్చాడు. చెవులు ఎర్రబడ్డాయి.

తలుపు తీసి రహమీమ్ తొంగిచూశాడు. "హఖామ్ గారూ, రెండో స్థానానికి గిగీ గారిని పిలిచాను. వద్దంటున్నారు. ఏడుస్తున్నారు కూడా."

"మళ్ళీ చెయ్యి," అన్నారు హఖామ్ గారు గ్రంథం మీంచి తలెత్తకుండా.

తలుపు మూసుకుంది. మఖ్లూఫ్ గారి చూపు ఆ తలుపు దగ్గరే ఉండిపోయింది. నాలిక మీద మూడో వాక్యం సగంలో ఆగింది.

"చాలాకాలమైంది హఖామ్ గారూ... మర్చిపోయాను," అన్నాడు.

ముసలాయన నవ్వి, ప్రేమగా ఆయన మోకాలి మీద తట్టారు.

"పరవాలేదు నాయనా, తొందరేముంది? మెల్లిగా చదువు. నువ్వింక ఎక్కడికీ వెళ్ళక్కర్లేదుగా."